ఓనరుగారు చెప్పులు వేసుకునేదాకా అసలు మాట ఎందుకు చెప్పరు?

మీది హైదరాబాద్. ఉద్యోగం మీద ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చి ఎనిమిది నెలలైంది. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ “ఎందాకా?” అంటారు. ఆఫీసులో పరిచయమైన రెండో రోజే జీతమెంతని అడిగారు. ఇంటి ఓనరుగారు ప్రతి ఆదివారం వచ్చి గంటసేపు లోకాభిరామాయణం చెప్పి, తీరా చెప్పులు వేసుకునేటప్పుడు అద్దె గురించో నీళ్ళ మోటారు గురించో ఒక ముక్క వదిలి వెళ్తారు. “వీళ్ళకి నా దగ్గర ఏం కావాలో తెలియక టెన్షన్‌గా ఉంటోంది, మాటల వెనక ఉద్దేశం పసిగట్టడం ఎలా?” అన్నది మీ ప్రశ్న.

పసిగట్టడం అనే మాట దగ్గరే నాకు కొంచెం పేచీ ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను పుట్టి పెరిగింది మీరిప్పుడున్న ఊళ్ళోనే. నాన్నది బట్టల కొట్టు. తర్వాత బరంపురంలో ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీ పిల్లలకు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం పుస్తకాల్లోంచి వచ్చింది, సగం నాన్న గల్లాపెట్టె పక్కన కూర్చుని చూసింది. ఆ రెండో సగాన్నే కాస్త ఎక్కువ నమ్మండి.

ముందు తేలికైనది తేల్చేద్దాం. బయల్దేరిన మనిషిని “ఎక్కడికి?” అని అడిగితే వెళ్ళే పని చెడుతుందని మనవాళ్ళ నమ్మకం. అందుకే “ఎందాకా?” అంటారు. రేపు ఎవరైనా అలా అంటే “ఇలాగేనండీ” అని చూడండి. ఇలాగే అంటే ఎక్కడికి అని ఎవరూ నిలదీయరు. తృప్తిగా తలూపి వెళ్ళిపోతారు. సమాచారమే కావాలనుకున్న మనిషి ఆ జవాబుతో ఊరుకుంటాడా? బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో కొన్నేళ్ళు గడిపి వచ్చి, 1923లో అచ్చైన ఒక వ్యాసంలో ఈ రకం మాటల గురించి రాశాడు. పలకరింపులు, ఎండావానల కబుర్లు, తెలిసిందే మళ్ళీ చెప్పుకోవడం, వీటి పని కబురు చేరవేయడం కాదు, మనుషుల్ని కలిపి ఉంచడం అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: పక్క మనిషి మాట్లాడకుండా ఉంటే అది మామూలు మనిషికి ధైర్యాన్నివ్వదు, భయపెడుతుంది. అంటే ఎనిమిది నెలలుగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలవంచుకుపోయే కొత్త మనిషిని చూసి, టెన్షన్ పడాల్సింది మీ వీధివాళ్ళు. పాపం వాళ్ళు “ఎందాకా?” అని తలుపు తడుతున్నారు, అంతే. ఎండాకాలం వస్తే ఒడియా ఇళ్ళవాళ్ళు పఖాళ తిన్నారా అని కూడా అడుగుతారు. మన చద్దన్నంలాంటిదే. తిన్నాననండి, తినకపోయినా ఫరవాలేదు.

ఇక అసలు విషయం.

నాకప్పుడు పన్నెండేళ్ళుంటాయి. దసరా ముందు, కొట్టు కిటకిటలాడుతోంది. మా బడిలో చెప్పే మాస్టారొకాయన భార్యతో వచ్చి బరంపురం పట్టుచీర చూశారు. ఆవిడ అంచు తడిమి చూసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. మాస్టారు ధర అడిగారు, నాన్న చెప్పారు. ఒక్క క్షణం ఆగి మాస్టారు, “ఇందులో వేరే రంగు ఉందా?” అన్నారు. నేను హుషారుగా నిచ్చెనెక్కి పై అరలోవి ఆరు రంగులూ దించి పరిచేశాను. ఆయన ఒక్కోటీ చూస్తూ ఇది మరీ ముదురు, ఇది మరీ లేత అంటూ వచ్చారు. ఆరో రంగు దగ్గర ఇంక అనడానికేమీ మిగల్లేదు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తే. నాన్న గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి, “ఇవన్నీ ఎవడు తీయమన్నాడురా, ఈ అంచు అమ్మగారికి నప్పదు” అని నన్నే కసిరి, నూలు చీరల్లోంచి ఒకటి లాగి, “ఇది చూడండి మాస్టారూ, నిన్ననే దిగింది” అన్నారు. ఐదు నిమిషాల్లో బేరం అయిపోయింది. వాళ్ళు మెట్లు దిగాక నాన్న నాతో ఒకే మాటన్నారు: “ఆయన రంగు అడగలేదురా.”

ఆ మాటకి శాస్త్రం నాకు ఎమ్మేలో దొరికింది. 1979లో రూత్ ఆన్ క్లార్క్, జెస్సీ డెలియా అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, మనిషి నోరు విప్పినప్పుడు మూడు రకాల లక్ష్యాలు కలగలిసి నడుస్తాయని రాశారు. ఒకటి, అనుకున్న పని జరగాలి. రెండు, ఎదుటివాళ్ళతో సంబంధం నిలవాలి. మూడు, తానెలాంటి మనిషినని తాను అనుకుంటున్నాడో, ఎదుటివాళ్ళకి ఎలా కనబడాలనుకుంటున్నాడో ఆ బొమ్మ చెదరకూడదు. మాస్టారి లెక్క చూడండి. అంత ధర పెట్టకుండా బయటపడాలి. నాన్నతో స్నేహం పాడవకూడదు. భార్య ముందూ, తన దగ్గర చదువుకునే నా ముందూ డబ్బు లేని మనిషిగా కనబడకూడదు. మూడింటినీ ఒక్క వాక్యంలో మోయాలంటే “వేరే రంగు ఉందా?” కంటే మంచి వాక్యం ఏముంటుంది? నాకు అందులో మొదటిది కూడా సరిగా వినబడలేదు. నాన్నకి మూడూ వినబడ్డాయి. తప్పు తన సరుకు మీద వేసుకుని ఆయనకి దారి ఇచ్చారు.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త 1955లో ఒక పెద్ద వ్యాసంలో, మనుషులు కలిసి కూర్చున్నప్పుడు తమ ముఖాన్నీ ఎదుటివాళ్ళ ముఖాన్నీ, అంటే నలుగురిలో పరువుని, కాపాడుకోవడానికి ఎంత పని చేస్తారో విడమరిచాడు. పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లల్ని, దీనికి తెలుగులో మాటుందా అని అడిగేవాణ్ణి. ఎవరో ఒకరు మొహమాటం అనేవాళ్ళు. పాత నిఘంటువుల్లో అది మొగమాటం. మొగం అందులోనే ఉంది చూశారా. అయితే మనం మొహమాటాన్ని బలహీనతగా చూస్తాం, మొహమాటపడి మోసపోయాడంటాం. మొహమాటం లేని ఊళ్ళో రెండు రోజులు కాపరం చేయడం కూడా కష్టమని నా అనుభవం.

ఇప్పుడు మీ ఓనరుగారి చెప్పుల దగ్గరికి వద్దాం. 1973లో ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, హార్వీ సాక్స్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు, రికార్డు చేసిన సంభాషణలు, ముఖ్యంగా ఫోన్ మాటలు తీసుకుని, అవి ఎలా ముగుస్తాయో మాట మాటా విడదీసి చూశారు. సంభాషణ టక్కున ఆగిపోదు. “సరే మరి”, “అదీ సంగతి”, “ఇంకేటి” లాంటి మాటొకటి ముందు పడుతుంది. ఆ మాట పడ్డాక ఒక చిన్న ఖాళీ వస్తుంది. ఇప్పటిదాకా చెప్పనిది ఏమైనా ఉంటే ఇప్పుడు చెప్పెయ్యి అని ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకునే ఖాళీ అది. ఎవరూ ఏమీ తేకపోతేనే సంభాషణ మూతపడుతుంది. మీ ఓనరుగారు లేచి నిలబడి “మరి వస్తాను బాబూ” అన్నప్పుడు ఆ ఖాళీ తెరుచుకుంటుంది. ఆయన అందులోకి అద్దె మాట జారవిడుస్తారు. ఒడియావాళ్ళు కూడా వెళ్ళేటప్పుడు “ఆసుఛి” అంటారు, అంటే వస్తున్నానని. వెళ్తున్నానని చెప్పి వెళ్ళడం ఈ రెండు భాషల్లోనూ అపశకునమే. అందుకే ఇక్కడ వీడ్కోలు ఎప్పుడూ సగం తెరిచిన తలుపులా ఉంటుంది.

గుమ్మంలో చెప్పడం వల్ల ఆయనకి ఇంకో రెండు లాభాలున్నాయి. అక్కడ చెప్పిన మాట చిన్నదిగా కనిపిస్తుంది, ఏదో గుర్తొచ్చి అన్నట్టుగా. మీరు కాదన్నా పెద్ద అవమానం కాదు, చెప్పులు ఎలాగూ కాళ్ళకి ఉన్నాయి, నడిచి వెళ్ళిపోవచ్చు. డాక్టర్లకిది బాగా అలవాటు. పావుగంట మోకాలి నొప్పి చెప్పిన పెద్దమనిషి తలుపు మీద చెయ్యి వేశాక, “అన్నట్టు డాక్టరుగారూ, మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టుంటోంది” అంటాడు. వచ్చింది దానికోసమే. మోకాలు తోడొచ్చింది.

మరి ఆ గంటసేపు కబుర్లు నటనా? ఇక్కడే చాలామంది తెలివైనవాళ్ళు పొరబడతారు. అసలు ఉద్దేశం అద్దె, మిగతాదంతా పైపూత అనుకుంటారు. ఆయనకి పిల్లలు ఏ భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఉండి ఉండవచ్చు. ఆదివారం పూట మాట్లాడే మనిషి కావాలి. అద్దె పెరగడమూ కావాలి. రెండూ నిజమే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కావాలని రూలేమీ లేదు. మీ టెన్షన్‌లో సగం, ప్రతి మాట కిందా ఒకే ఒక్క ఉద్దేశం దాక్కుని ఉంటుందని మీరు అనుకోవడం వల్ల వస్తోంది.

పసిగట్టడం అన్న మాటతో పేచీ అన్నాను కదా, ఇదే అది. సూటిగా అడగని మనిషి మీ నుంచి ఏదో దాస్తున్నాడని మీరు అనుకుంటున్నారు. చాలాసార్లు ఆయన మీకు కాదనడానికి దారి వదులుతున్నాడు. “రేపు సాయంత్రం ఖాళీయేనా?” అని కొలీగ్ అడిగారనుకోండి. సంభాషణల్ని పరిశీలించేవాళ్ళు దీన్ని ముందస్తు ప్రశ్నగా చూస్తారు. రేపు పాతపట్నం దాకా బండి మీద దింపమని అడగాలి, మీరు కుదరదంటే ఇద్దరికీ ఇబ్బంది. అందుకని ముందు కాలు పెట్టి నీళ్ళ లోతు చూస్తున్నారు. “ఆఁ ఖాళీయే” అనేశాక “అయితే నన్ను దింపండి” అని వస్తే ఇరుక్కుపోయాననిపిస్తుంది మీకు. “ఏం, ఏదైనా పని పడిందా?” అనండి. వాళ్ళు పని చెప్తారు. అప్పుడు కుదురుతుందో లేదో మీరు చెప్పండి. ఇందులో కపటం ఎవరిదీ లేదు.

అవతలివాళ్ళ “ఊఁ” ఎప్పుడు వస్తుందో కూడా గమనించండి. పది భాషల్లో అవునా కాదా అనే రకం ప్రశ్నలకు జవాబు ఎంత సేపటికి వస్తుందో 2009లో ఒక పరిశోధక బృందం కొలిచింది. తెలుగు అందులో లేదు గానీ జపనీస్, ఇటాలియన్, కొరియన్ లాంటివి ఉన్నాయి. సగటున సెకనులో ఐదో వంతు. అంటే రెప్పపాటు. ప్రశ్నకి తగ్గ జవాబు, ఒప్పుకునే జవాబు, త్వరగా వస్తుంది. కాదనేది ఆలస్యమవుతుంది. మన దగ్గర “చూద్దాంలే” అని ఒక మాట ఉంది. వెంటనే వచ్చిన చూద్దాంలే వేరు, ఒక గుక్క టీ తాగాక వచ్చిన చూద్దాంలే వేరు. రెండోది కాదనే.

మోసగాళ్ళు లేరా అంటే ఉన్నారు. మొహమాటాన్నే పెట్టుబడిగా పెట్టుకుని చీటీలు కట్టించేవాళ్ళని, హామీ సంతకాలు పెట్టించేవాళ్ళని నేనూ చూశాను. ఒకసారి నేనే ఒక దూరపు బంధువుకి సంతకం పెట్టి మూడేళ్ళు కట్టాను. అలాంటివాళ్ళని గుర్తు పట్టడానికి నేను చూసే గుర్తు ఒక్కటే. వాళ్ళు గుమ్మంలో చెప్పరు. కుర్చీలో కూర్చుని, నలుగురూ ఉన్నప్పుడు, ఇప్పుడే తేల్చమంటారు. కాదనే దారి మూసేస్తారు. మీ ఓనరుగారు చేస్తున్నది దానికి సరిగ్గా తలకిందులు.

భాష సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు హైదరాబాద్ నుంచి వచ్చారు. జాన్ గంపెర్జ్ అనే భాషావేత్త 1982లో వచ్చిన పుస్తకంలో ఒక ఉదంతం రాశాడు. బ్రిటన్‌లో ఒక విమానాశ్రయం ఉద్యోగుల క్యాంటీన్‌లో భారత, పాకిస్తాన్ దేశాల ఆడవాళ్ళు కొత్తగా పనిలో చేరారు. వాళ్ళకి మర్యాద లేదని ఫిర్యాదులు. విషయమేమిటా అని చూస్తే, మాంసం తీసుకున్నవాళ్ళని గ్రేవీ కావాలా అని అడగాలి కదా. ఇంగ్లిష్ ఆడవాళ్ళు “గ్రేవీ?” అని స్వరం పైకి లేపేవాళ్ళు. వీళ్ళు మన పద్ధతిలో “గ్రేవీ” అని స్వరం దించేవాళ్ళు. వినేవాళ్ళకి అది ‘ఇది గ్రేవీ, ఉంటే తీసుకో లేకపోతే పో’ అన్నట్టు వినబడేది. వీళ్ళ ఉద్దేశం వడ్డించడమే. ఒక్క స్వరం దాన్ని తలకిందులు చేసింది.

మా వైపు “ఏటి?” అంటే మామూలు ఏమిటి అనే. మీకు కసిరినట్టు వినబడి ఉండవచ్చు. మీ “ఏంది?” వాళ్ళకీ అలాగే గుచ్చుకుంటుంది, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లున్నాయి. మనకి నువ్వు, మీరు రెండే. రెండు భాషలూ మాట్లాడే పెద్దవాళ్ళు ఆ నడిమి మెట్టుని తెలుగులోకి తేవాలనుకుని ఒక్కోసారి నువ్వు అంటారు. అది తగ్గించడం కాదు, దగ్గర చేసుకోవడం. అలాగే, మీతో తెలుగులో మాట్లాడే ఓనరుగారు కరెంటు బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఒడియాలోకి మారారనుకోండి, స్నేహం పక్కన పెట్టి లెక్కలోకి వచ్చారని గుర్తు. కొట్లో నాన్న దీన్ని తిరగేసేవారు. ధర తెలుగులో ఎవరికైనా గట్టిగా చెప్పి, తగ్గించేటప్పుడు మాత్రం కొన్నవాళ్ళ భాషలో చెప్పేవారు. సవర గిరిజనులు వస్తే నాలుగు సవర మాటలు. అవి పూర్తిగా సరైనవి కావని వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ నవ్వుతోనే బేరం కుదిరేది. గిడుగు రామమూర్తిగారు ఇదే ఊళ్ళో మాస్టారుగా ఉన్నప్పుడు సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకున్నారని చెప్పుకుంటారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మా నాన్న ఆయన్ని చూడలేదు, అయినా చూసినట్టే చెప్పేవారు.

జీతం ప్రశ్న. దీన్ని నేను వెనకేసుకు రాను. కొందరికి అది మిమ్మల్ని తమ లెక్కలో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసుకోవడం. కొందరికి పెళ్ళి సంబంధం. కొందరిది ఉట్టి ఆరా, అంతకు మించి ఏమీ లేదు. ఎవరిదైనా అంకె చెప్పక్కర్లేదు. “బండి నడుస్తోందండీ, మీ అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?” అంటే చాలు. నూటికి తొంభైమంది తమ అబ్బాయి గురించి చెప్పడానికే ఆ ప్రశ్న వేశారేమో అన్నట్టు మొదలుపెడతారు.

నేను పొరబడిన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పెద్దరికంగా ఉంటుంది. ఒక సాయంత్రం స్టాఫ్ రూమ్‌కి ఒక కుర్రాడు వచ్చి, “సార్, నా అటెండెన్స్ ఎంతుంది?” అన్నాడు. రిజిస్టరు తీసి లెక్క చూసి చెప్పాను. ఇంకొన్ని రోజులు వస్తే సరిపోతుందని కూడా చెప్పాను. థాంక్స్ సార్ అని, కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్ళే కుర్రాళ్ళు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. వాడూ వెళ్ళాడు. వాడు ఆ రోజు ఏం కోరి వచ్చాడో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. వాడికి మాత్రం తెలుసా? వెళ్ళొద్దని ఎవరైనా అంటారేమోనని వచ్చాడో, సెలవు చెప్పడానికి వచ్చాడో, నిజంగా అటెండెన్స్ కోసమే వచ్చి నా గదిలో నిలబడ్డాక ఇంకేదో అడగాలనిపించిందో. మనిషి లక్ష్యం జేబులో పెట్టుకొచ్చే చీటీ కాదు. మాట్లాడుతుండగా తయారవుతుంది, మధ్యలో మారుతుంది. ఆ కాసేపు నిలబడినప్పుడు నేను “ఏం, ఎందుకడిగావు?” అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. 2017లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు చాలా సంభాషణలు పోల్చి చూసి, ఎదుటివాళ్ళు చెప్పింది పట్టుకుని మళ్ళీ అడిగే ప్రశ్నలు వేసేవాళ్ళంటే జనానికి ఇష్టం పెరుగుతుందని తేల్చారు. ఇష్టం సంగతి పక్కన పెట్టండి. మనసులోది కనిపెట్టే విద్య నా దగ్గర లేదు. రెండో ప్రశ్న అడగడం మాత్రం ఆ తర్వాత నేర్చుకున్నాను.

కాబట్టి వచ్చే ఆదివారం. టీ గ్లాసు కింద పెట్టగానే, ఆయన ఇంకా కుర్చీలో ఉండగానే, ఆ గుమ్మం దగ్గరి ఖాళీని మీరే తెరవండి. “ఇంకేటండీ, ఇంటి విషయం ఏమైనా ఉందా?” అనండి. మీ నోట “ఇంకేటి” విని నవ్వుతారు, నవ్వనివ్వండి. కరెంటు చార్జీలు పెరిగాయి బాబూ అంటే అది ముందస్తు మాట, దానికి ఔనండీ చాలా పెరిగాయి అని సానుభూతి చూపి ఊరుకోకండి. “ఎంత అనుకుంటున్నారు?” అని అడగండి. ఆయన కాసేపు ఆగి చెప్తే ఆ అంకె గురించి ఆయనకే మొహమాటంగా ఉందని లెక్క, అందులో కొంత తగ్గుతుంది.

ఒకటి మాత్రం. 2021లో అమెరికాలో 932 సంభాషణలు పరిశీలిస్తే, ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసినవి రెండు శాతం దగ్గర తేలాయి. ఎప్పుడు ఆపాలనుందో ఎవరూ పైకి చెప్పరు కదా. మీ ఓనరుగారు కూడా అరగంట నుంచి, ఈ అబ్బాయి పాపం ఒంటరివాడు, లేస్తే ఏమనుకుంటాడో అని కూర్చుని ఉండవచ్చు. రెండో టీ పెట్టే ముందు ఒకసారి ఆయన కాళ్ళ వైపు చూడండి.